క్యాసెట్‌లో కీచురాళ్ళు

సినిమా పత్రికలో కంప్యూటర్ల గొడవేమిటని మొహం చిట్లించకండి. ఈ వారం చెప్పబోయేది కూడా క్యాసెట్ కథే! ఇందులో పాట వుంది, దొంగతనం వుంది, కోర్టు సీను వుంది. హీరో ఎవరో, విలన్ ఎవరో మాత్రం మీరే తేల్చుకోవాలి. ఆ పాట వింటే మీరు చెవులు మూసుకుంటారనేది వేరే సంగతి.

2018 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'బ్లాక్ మిర్రర్ : బాండర్‌స్నాచ్' మీలో కొందరైనా చూసే వుంటారు. కథ ఎటు తిరగాలో ప్రేక్షకుణ్ణే అడిగే సినిమా అది. 1984 నాటి ఇంగ్లండు.... కంప్యూటర్ ఆట ఒకటి తయారు చెయ్యాలని తాపత్రయపడే కుర్రాడు.... దానికి వున్న రకరకాల ముగింపుల్లో ఒకదాంట్లో ఆ కుర్రాడు బస్సులో కూర్చుని టేపు పెడతాడు. పాట రాదు. 'కీ....' మని ఒకే శ్రుతిలో కూత, ఆ వెంటనే బరబరమంటూ గోల. తెలియనివాళ్ళకు అది కుర్రాడి మతి చలించిందని చెప్పే సౌండ్ ఎఫెక్టులా అనిపిస్తుంది. తెలిసినవాళ్ళు ఏం చేశారో తెలుసా? ఆ చప్పుడును రికార్డు చేసి స్పెక్ట్రమ్ కంప్యూటరుకు వినిపించారు. తెర మీద గళ్ళ బొమ్మ ఒకటి వచ్చింది. దాన్ని ఫోనుతో స్కాన్ చేస్తే ఒక వెబ్ పేజీ, ఆ పేజీలో సినిమా పాత్రలు తయారుచేసిన ఆట ఒకటి, నిజంగానే ఆడుకోవడానికి సిద్ధంగా! సినిమా అయిపోయాక కూడా ప్రేక్షకుడికి పని పెట్టిన దర్శకుణ్ణి ఏమనాలి చెప్పండి?

ఇంతకీ ఏమిటా స్పెక్ట్రమ్? చప్పుడు వినిపిస్తే బొమ్మ చూపించడమేమిటి?

ఇంగ్లండులో క్లైవ్ సింక్లెయిర్ అని ఒక పెద్దమనిషి వుండేవాడు. బట్టతల, గడ్డం, కళ్ళజోడు. ఏ వస్తువునైనా చిన్నది చెయ్యాలి, చవగ్గా అమ్మాలి.... అదీ ఆయనకున్న పిచ్చి. 1980లో జడ్‌ఎక్స్80 అనే కంప్యూటరును సరిగ్గా వంద పౌన్లకు అయిదు పెన్నీలు తక్కువకు అమ్మాడు (మన బాటా చెప్పుల ధర గుర్తొచ్చిందా!). మరుసటి ఏడు వచ్చిన జడ్‌ఎక్స్81 ఇంకా చవక, డెబ్భై పౌన్ల లోపు. దాని మెమరీ ఒక కిలోబైటు. అంటే ఇంగ్లీషు అక్షరాలు 1,024 పడతాయి, అంతే. ఇంకా కావాలంటే వెనకాల 16 కిలోబైట్ల డబ్బా ఒకటి తగిలించుకోవాలి. ఆ డబ్బా వూగుతూ వుండేది. గంటసేపు కూర్చుని టైపు చేసిన ప్రోగ్రాం, ఎవరి మోచెయ్యో తగిలి బల్ల కదిలితే గోవిందా!

1982 ఏప్రిల్ 23న వచ్చింది అసలు హీరోయిను, జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్. 16 కిలోబైట్లది 125 పౌన్లు, 48 కిలోబైట్లది 175. నల్లటి వొళ్ళు, కుడివైపు మూల ఏటవాలుగా రంగుల చారలు, 40 రబ్బరు మీటలు. సినిమా టైటిల్సులాగా పేర్లు వేస్తే, రూపకల్పన రిక్ డికిన్సన్, లోపలి సర్క్యూటు రిచర్డ్ ఆల్ట్‌వాసర్, బేసిక్ భాష స్టీవ్ వికర్స్. ఆ రబ్బరు మీటల మీద టైపు చెయ్యడమంటే వరసగా పేర్చిన ఎరేజర్ల మీద వేళ్ళు పెట్టడమే. పైగా ఒక్కో మీటకు నాలుగైదు వేషాలు. 'పి' నొక్కితే 'ప్రింట్' అనే మాట మొత్తం పడుతుంది. 'జె' నొక్కితే 'లోడ్'. ఏ వేషం ఏ మీటదో గుర్తుండేసరికి కుర్రకారుకు పరీక్షలు దగ్గరపడేవి.

రంగుల సంగతి ఇంకా తమాషా. తెరను చిన్న చిన్న గళ్ళు చేసి, ఒక్కో గడికి రెండు రంగులే ఇచ్చారు. మెమరీ పొదుపు చెయ్యడానికి! దాంతో ఆటలో హీరో పచ్చ చెట్టు పక్కకి వెళితే తనూ పచ్చబడిపోయేవాడు, ఎర్రగోడ ఎక్కితే ఎర్రబడేవాడు. మేకప్‌మాన్ లేని సినిమా అన్నమాట. అయినా ఇరవై ఏళ్ళు నిండని మాథ్యూ స్మిత్ అనే కుర్రాడు 1983లో ఈ డబ్బా మీదే 'మానిక్ మైనర్' అనే ఆట తయారుచేశాడు. 20 గుహలు, వెనకాల ఆగకుండా మోగే సంగీతం. ఒక్క చిన్న బీపర్ తప్ప వాయిద్యమేదీ లేని యంత్రంలో, ఆట నడుస్తుండగానే పాట పలికించాడు!

సరే, ఈ ఆట కంప్యూటరులోకి ఎలా వెళ్ళేది? ఫ్లాపీ డిస్కు డ్రైవు కొనాలంటే కంప్యూటరు కంటే ఎక్కువయ్యేది. అందుకని సింక్లెయిర్ ఇంట్లో ఎలాగూ వుండే వస్తువుల్నే వాడుకున్నాడు. తెరకి టీవీ, ప్రోగ్రాముకి టేప్ రికార్డర్. అవునండీ, మీ ఇంట్లో అమ్మా నాన్నా పాటలు విన్న ఆ టేప్ రికార్డరే! ఆట మొత్తాన్ని చప్పుడుగా మార్చి క్యాసెట్‌లో పెట్టేశారు. సున్నాకు పొట్టి అల, ఒకటికి దానికి రెండింతలు పొడుగు అల. ఆ అలలన్నీ కలిపి వింటే బరబర. ముందొచ్చే 'కీ....' మాత్రం, 'వస్తున్నా, కాచుకో' అని కంప్యూటరుకు చేసే హెచ్చరిక. అప్పుడు తెర చుట్టూ ఎరుపు, లేత నీలం పట్టీలు పాకుతాయి. అసలు ప్రోగ్రాం మొదలవగానే పసుపు, ముదురు నీలం గీతలు చిందులు తొక్కుతాయి. టైటిల్ బొమ్మ పైనుంచి కింది దాకా గీతలు గీతలుగా పరుచుకుంటుంది. ముందు నలుపు తెలుపు, ఆ తర్వాత దాని మీద రంగు!

సెకనుకు సుమారు 1,500 బిట్లు, అదీ వేగం. 48 కిలోబైట్లు నిండడానికి నాలుగైదు నిమిషాలు. మీకు అర్థమయ్యే లెక్క చెబుతాను. మీరిప్పుడు ఫోనులో చూసే రెండు గిగాబైట్ల సినిమాను ఆ వేగంతో ఎక్కించాలంటే రాత్రింబవళ్ళు ఆగకుండా నాలుగు నెలలు పడుతుంది. శతదినోత్సవం అయిపోయాక గానీ మొదటి ఆట పడదు!

నాలుగో నిమిషంలో 'టేప్ లోడింగ్ ఎర్రర్' అని తెర మీద పడిందా, మళ్ళీ వెనక్కి తిప్పి మొదటి నుంచీ. వాల్యూమ్ కాస్త ఎక్కువైనా తంటాయే, తక్కువైనా తంటాయే. టేప్ రికార్డర్ హెడ్డు పక్కనున్న బుల్లి మరను చిన్న స్క్రూ డ్రైవర్‌తో అటూ ఇటూ తిప్పడం అక్కడి కుర్రాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. ఇప్పుడు యాభైలు దాటిన ఆ ఇంగ్లీషువాళ్ళను కదిపి చూడండి, ఆట గురించి కాదు, ఈ ఎదురుచూపు గురించే గంటసేపు చెబుతారు.

నాకా వయసు లేదు. నేను పాకడం నేర్చే నాటికే స్పెక్ట్రమ్ ముసలిదైపోయింది, 1992లో తయారీ ఆపేశారు. అయినా ఆ కూత నాకు తెలుసు. ఎలాగంటే, మన దేశంలోనూ లైసెన్సు తీసుకుని పూణేకు చెందిన డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు 1980లలో 'డిబి స్పెక్ట్రమ్ ప్లస్' పేరుతో దాన్ని అమ్మారు. మా బాబాయి అక్కడ వుద్యోగం చేసిన రోజుల్లో ఒకటి కొన్నాడట. బదిలీ మీద విజయవాడ వచ్చేటప్పుడు కంప్యూటరు ఆఫీసులో మిత్రుడికి ఇచ్చేశాడు, క్యాసెట్ మాత్రం ఒకటి సామాన్లలో వచ్చేసింది. అప్పట్లో మన వూళ్ళలో చిట్టీ మీద పాటలు రాసిస్తే రికార్డు చేసి ఇచ్చే షాపులు వుండేవి కదా. పిన్ని ఆ క్యాసెట్ పట్టుకెళ్ళి షాపులో ఇచ్చింది. నేను వేసవి సెలవలకు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆ పాటలే మోగేవి. ఓ రోజు బి వైపు చివరి పాట అయిపోయింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత బరబరబర....

"టేపు నలిగిపోయింది బాబాయ్!" అన్నాను కంగారుగా.

"నలగడమేంట్రా! అది నా ఆట. మీ పిన్ని దాని నెత్తిన పాటలెక్కించింది" అన్నాడు బాబాయి.

వంటింట్లోంచి పిన్ని అందుకుంది. "ఖాళీ క్యాసెట్టనుకుని ఇచ్చానండీ. అయినా ఆ కీచురాళ్ళ గోల ఎవరైనా దాచుకుంటారా?"

బాబాయి మాట్లాడలేదు. టేపు ఆపలేదు కూడా. బరబర అయిపోయేదాకా అలాగే విన్నాడు. పాటయితే సగం మిగిలినా పాడుకోవచ్చు. ప్రోగ్రాం సగం మిగిలితే దేనికీ కొరగాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

అన్నట్టు, బాబాయి ఆ ఆటను కొన్నాడనుకునేరు! పక్క క్వార్టర్సు మిత్రుడి క్యాసెట్‌నుంచి కాపీ చేసుకున్నాడు. అసలు విషయానికి ఇప్పుడొచ్చాం.

ప్రోగ్రాం అంటే చప్పుడే అయినప్పుడు, పాటను కాపీ చేసినట్టే దాన్నీ కాపీ చెయ్యొచ్చు. రెండు టేప్ రికార్డర్లు, మధ్యన ఒక వైరు చాలు. అంతెందుకు, రేడియోలో కూడా వెయ్యొచ్చు! వేశారు కూడా. అప్పటి యుగోస్లావియాలో విదేశీ కంప్యూటర్లు తెప్పించుకోవడం మీద బోలెడు ఆంక్షలు. వోయా ఆంటోనిచ్ అనే ఇంజనీరు 1983లో సొంతంగా ఒక చవక కంప్యూటరుకు నమూనా గీశాడు. దాన్ని ఏ ఫ్యాక్టరీకీ అమ్ముకోలేదు. 'గలాక్సియా' అనే సైన్సు పత్రిక తెచ్చిన ప్రత్యేక సంచికలో సర్క్యూటు మొత్తం అచ్చువేయించాడు, 'మీరే చేసుకోండి' అని. ఏ కొద్ది వందల మందో చేసుకుంటారనుకుంటే, వేల మంది సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చున్నారు. మరి వాళ్ళకు ప్రోగ్రాములెక్కడివి? బెల్‌గ్రేడ్ రేడియోలో జోరన్ మోడ్లి అనే అనౌన్సర్ వుండేవాడు. విమానాలు నడిపే పైలట్ కూడా ఆయన! 'వెంటిలేటర్ 202' అనే తన కార్యక్రమంలో పాటల మధ్య ఈ బరబరను ప్రసారం చేసేవాడు. శ్రోతలు రేడియోనుంచి రికార్డు చేసుకుని, కంప్యూటరుకు ఎక్కించుకునేవారు. 'జనరంజని'లో మనం కోరిన పాట వచ్చినట్టు, వాళ్ళకు కోరిన ప్రోగ్రాం వచ్చేదన్నమాట. హాలండు రేడియో వాళ్ళూ ఇదే పని చేశారు.

సంగీతం వాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? ఇంగ్లీషు గాయకుడు పీట్ షెల్లీ 1983లో తెచ్చిన 'ఎక్స్‌ఎల్1' అనే గ్రామఫోను రికార్డులో పాటలతోపాటు ఒక స్పెక్ట్రమ్ ప్రోగ్రాం కూడా ముద్రించాడు. దాన్ని కంప్యూటరుకు ఎక్కించి రికార్డు మళ్ళీ వేస్తే, పాట నడుస్తుంటే టీవీ మీద సాహిత్యం, రంగు బొమ్మలు! ఇవాళ యూట్యూబులో లిరికల్ వీడియో అని మన సినిమావాళ్ళు పోస్టరేసి మరీ విడుదల చేస్తున్నారే.... అది 1983లో వినైల్ రికార్డు లోపల వుంది.

కంపెనీలకు మాత్రం ఒళ్ళు మండింది. బడి విరామంలో ఒకడు కొన్న ఆట సాయంత్రానికల్లా పది మంది ఇళ్ళకు చేరేది. 1984లో 'జెట్ సెట్ విల్లీ' ఆటతో పాటు రంగు గళ్ళున్న అట్ట ఒకటి ఇచ్చారు. ఆట మొదలయ్యే ముందు ఫలానా గడిలో ఏ రంగులున్నాయో చెప్పాలి. అప్పటి జెరాక్సు మిషన్లలో రంగులు రావు కదా, చచ్చినట్టు కొంటారని ఎత్తు. కుర్రాళ్ళు రంగు పెన్సిళ్ళు తీశారు!

అటు పాటల కంపెనీలదీ ఇదే ఏడుపు. 'ఇంట్లో టేపు చెయ్యడం సంగీతాన్ని చంపేస్తోంది' అని 1981లో ఇంగ్లండు రికార్డు కంపెనీల సంఘం ప్రచారం లేవదీసింది. ఇంతలో ఆమ్‌స్ట్రాడ్ అనే కంపెనీ రెండు క్యాసెట్లు పట్టే, రెట్టింపు వేగంతో కాపీ చేసే టేప్ రికార్డర్ తెచ్చింది. ఇంకేం, కోర్టు సీను! మీ మిషనే జనానికి దొంగతనం నేర్పుతోందని పాటల కంపెనీల వాదన. మిషను అమ్మాం గానీ ఏం కాపీ చెయ్యమన్నాం అని ఆమ్‌స్ట్రాడ్ జవాబు. చివరికి 1988లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆమ్‌స్ట్రాడ్ పక్షాన తీర్పిచ్చింది. కథలో మలుపేమిటంటే, 1986లో సింక్లెయిర్ అప్పులపాలై తన కంప్యూటర్ల వ్యాపారాన్ని 50 లక్షల పౌన్లకు అమ్మేసింది ఈ ఆమ్‌స్ట్రాడ్‌కే! డబుల్ డెక్ వాడి చేతికే స్పెక్ట్రమ్ వెళ్ళింది. ఏ కథా రచయితైనా ఇలా రాస్తే నిర్మాత నమ్మడు.

దొంగ కాపీలను వెనకేసుకొస్తున్నావా అని మన పరిశ్రమ పెద్దలు కన్నెర్ర చెయ్యకముందే నా మాట చెప్పేస్తాను. షాపులో దొరుకుతున్న ఆటను కాపీ చెయ్యడం దాన్ని తయారుచేసిన కుర్రాడి కడుపు కొట్టడమే. విడుదలైన రోజే సినిమాను ఫోనులో పట్టుకొచ్చేవాడికీ వాడికీ తేడా లేదు. మరి అమ్మేవాడు చాప చుట్టేశాక? ఆ కంపెనీల్లో చాలా వాటికి ఇప్పుడు బోర్డు కూడా లేదు. మాస్టర్ టేపులు ఏ గోదాములో ఏమయ్యాయో ఎవరు చూడొచ్చారు? అప్పుడు మిగిలినవి కుర్రాళ్ళ కాపీలే. వాళ్ళ అటకల మీద, చెప్పుల డబ్బాల్లో, ఒకే ఆట వందల కాపీలు. ఒకరి టేపు మొదట్లో పాడైతే ఇంకొకరిది చివర్లో పాడై వుంటుంది, రెండూ సరిచూసి ఒకటి బాగుచెయ్యొచ్చు. అలా 1990ల నుంచి ఎందరో పనిగట్టుకుని టేపుల్ని మళ్ళీ వినిపించి ఫైళ్ళుగా మార్చారు. కాలక్షేపానికి మొదలెట్టిన ఆ పనివల్లే స్పెక్ట్రమ్ ఆటలు ఇవాళ వేల సంఖ్యలో బతికున్నాయి.

మన వైపు చూడండి. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ థియేటరులో విడుదలైన 'ఆలం ఆరా' మన దేశపు తొలి టాకీ. అర్దేషిర్ ఇరానీ తీసిన ఆ సినిమా ప్రింటు ఇవాళ ఒక్కటి కూడా లేదు. మిగిలినవి స్టిల్సు, ప్రకటనలు. ఇంట్లో కూర్చుని సినిమాను కాపీ చేసుకునే యంత్రం 1931లో ఏ ప్రేక్షకుడికీ లేదు మరి.

ఆమ్‌స్ట్రాడ్ 1999లో ఒక మంచి పని చేసింది. స్పెక్ట్రమ్ లోపలుండే 16 కిలోబైట్ల రామ్ కాని రోమ్.... అంటే ఆ యంత్రం ప్రాణం.... దాన్ని ఎమ్యులేటర్లతో కలిపి పంచుకోవచ్చని అనుమతిచ్చింది. డబ్బు అడగలేదు, కాపీరైటు మాత్రం మాదేనని చెప్పండి చాలంది. ఎమ్యులేటర్ అంటే మిమిక్రీ కళాకారుడు అనుకోండి. మీ ల్యాప్‌టాప్ స్పెక్ట్రమ్ గొంతుతో మాట్లాడుతుంది. ఆ రబ్బరు మీటల బండ ముక్కేమో వయసు మీద పడి నీరసిస్తోంది. మీటల కింది ప్లాస్టిక్ పొర ఎండి విరుగుతుంది, కెపాసిటర్లు ఎండిపోతాయి, మెమరీ చిప్పులు చస్తాయి. కొత్త పొరలు చేయించి వేసి, పాత డబ్బాలకు మళ్ళీ వూపిరి పోసేవాళ్ళు ఇంగ్లండులో ఇప్పటికీ వున్నారు. వాళ్ళ పనివాడితనానికి దణ్ణం పెట్టాల్సిందే.

సింక్లెయిర్ 2021 సెప్టెంబరు 16న పోయాడు, 81 ఏళ్ళకు. ఆయన పాత్రలో అలెగ్జాండర్ ఆర్మ్‌స్ట్రాంగ్ నటించిన 'మైక్రో మెన్' అనే బీబీసీ చిత్రం 2009లోనే వచ్చింది. దొరికితే చూడండి. ఆయన కోపాన్ని చూసి నవ్వుకుంటూనే, ఆ మనిషంటే జాలి కూడా పడతారు.

2024 నవంబరులో రెట్రో గేమ్స్ అనే కంపెనీ 'ది స్పెక్ట్రమ్' పేరుతో పాత రూపాన్నే కొత్తగా తెచ్చింది. అవే రబ్బరు మీటలు, అదే రంగుల చార, లోపల 48 ఆటలు సిద్ధంగా. ఓడిపోతే ఆటను కాస్త వెనక్కి తిప్పుకోవచ్చు కూడా. అందంగానే వుంది. కానీ క్యాసెట్ పెట్టే దారి లేదు! ఆట నొక్కగానే వచ్చేస్తుంది. బాబాయికి వీడియోలో చూపిస్తే మీటలన్నీ తేరిపార చూసి, "మరి టేపు వైరు ఎక్కడ పెడతార్రా?" అన్నాడు. లేదని చెబితే ఫోను నా చేతికిచ్చేశాడు.

మీ ఇళ్ళలోనూ అటక మీద పాత క్యాసెట్లు వుండే వుంటాయి. తాతగారి హరికథో, రేడియో నాటకమో, ఎవరిదో పెళ్ళి సందడో. పాత సామాన్లవాడికి వేసే ముందు ఒక్కసారి పెట్టి వినండి, పనికొచ్చేది కనిపిస్తే ఫోనులోకి ఎక్కించుకోండి. ఏ వైపు పాటలే వుంటే తొందరపడి తీసెయ్యకండి, బి వైపు చివరిదాకా పోనివ్వండి. మధ్యలో 'కీ....' మని వినిపిస్తే మాత్రం ఆపకుండా నాకో వుత్తరం ముక్క రాయండి!